సబ్బుకు తగ్గ మిషను

మామగారు ఆ మాట అన్నప్పుడు చిన్నకోడలు సబ్బు బిళ్ళకు ప్లాస్టిక్ పొర చుడుతోంది.

"ప్యాకింగు నీ చేతిలో ఉంది కాబట్టి మిషను కూడా నువ్వే చూసి తేల్చమ్మా. మాకెవరికీ దాని సంగతి తెలీదు."

'నాకు మాత్రం ఏం తెలుసు మామగారూ' అనబోయి ఊరుకుంది. ఆయన అప్పటికే వెనక్కి తిరిగి వెళ్ళిపోతున్నారు. కిటికీ తెర రంగు ఎంచుకోవాలన్నా నలుగురిని అడిగే మనిషి ఆమె. అలాంటిది పది పన్నెండేళ్ళు ఇంట్లో ఉండబోయే ఒక మిషనును ఒంటరిగా తేల్చాలి.

వాళ్ళ ఇంటి కింది భాగమంతా సబ్బుల పనే. మామగారు ఒక్క గిన్నెతో మొదలుపెట్టిన పని అది. ఇప్పుడు సబ్బు తయారీ అంతా పెద్దకోడలిది. నూనెలు కరిగించడం, కాస్టిక్ నీళ్ళు కలపడం, అచ్చుల్లో పోయడం, గట్టిపడ్డాక తీగతో బిళ్ళలు కోసి ఆరబెట్టే అరల్లో పేర్చడం ఆమె చూసుకుంటుంది. ఆరిన బిళ్ళలు ప్యాకింగు గదికి వస్తాయి. అక్కడ చిన్నకోడలు, ఆమెకు తోడుగా ఒక పెద్దావిడ ఉంటారు. ఏ పనైనా తొందరపడకుండా చేస్తుందని ఆ పెద్దావిడను అందరూ 'నిదానం' అంటారు. చిన్నకోడలు మాత్రం 'నిదానం పిన్నీ' అని పిలుస్తుంది. ఇద్దరూ బిళ్ళకు పల్చటి ఫిల్మ్ చుట్టి, అంచులను చేతి సీలరుతో అంటించి, వేడి గాలి గన్ను పడితే ఫిల్మ్ ముడుచుకుని సబ్బుకు చర్మంలా అతుక్కుంటుంది. పెద్దకోడలి భర్త దుకాణాల చుట్టూ తిరిగి ఆర్డర్లు తెస్తాడు. చిన్నకోడలి భర్త వ్యానులో సరుకు చేరవేస్తాడు.

మామగారు మిషను మాట ఎత్తడానికి రెండు చిక్కులు కారణం. చాలా శాఖలున్న ఒక పెద్ద దుకాణం ఇదివరకటికి మూడింతలు సబ్బులు కావాలంది. నాలుగు చేతులతో అన్ని చుట్టడం అయ్యే పని కాదు. రెండోది, నాలుగు నెలలుగా ఆ దుకాణం నుంచే ఒక ఫిర్యాదు. అరల్లో పెట్టిన కొన్నాళ్ళకు కవరు వదులైపోతోందట. ముడతలు పడి పాత సరుకులా కనిపిస్తోందట. ఆ మాట ఫోనులో విన్న బావగారు నేరుగా ప్యాకింగు గదికి వచ్చి చెప్పాడు.

"చేత్తో చుడితే ఇంతేనమ్మా. మిషను కొనేద్దాం. స్పీడూ వస్తుంది, బిగుతూ వస్తుంది."

అది నిదానం కూడా వింది. సాయంత్రం వెళ్ళబోతూ, "మిషనొస్తే నేనేం చెయ్యాలమ్మా?" అంది.

మర్నాటి నుంచి మిషన్లు అమ్మేవాళ్ళ కరపత్రాలు రావడం మొదలైంది. వాటిని ముందేసుకుని చదివిందే నాలుగుసార్లు చదివింది. ఒక దాంట్లో 'ఎల్ సీలరు' అని ఉంది. ఎల్ అంటే బట్టల సైజులా పెద్దదేమో, మనకు ఎక్కువవుతుందని ఆ కాగితం పక్కన పెట్టేసింది. రెండు రోజుల తర్వాత మరొకాయన ఫోనులో చెప్పాడు, అంటించే కడ్డీ ఎల్ అక్షరంలా వంగి ఉంటుంది కాబట్టి ఆ పేరని, నిజానికి అది అన్నిటికంటే చిన్న రకమని. పక్కన పెట్టిన కాగితం మళ్ళీ వెతుక్కుంది. ఫిల్మ్‌లోనూ రెండు రకాలున్నాయట. ఒకరు పీవీసీ వాడమన్నారు, ఇంకొకరు దాని వాసన సబ్బుకు పట్టేస్తుందన్నారు. 'టన్నెల్' ఉండాలని ఒకరు, అక్కర్లేదని ఒకరు. టన్నెల్ అంటే వేడి గాలి తిరిగే పెట్టె అనీ, సబ్బు ఒక వైపు నుంచి వెళ్ళి మరో వైపు వస్తుందనీ తెలిసేసరికి ఒక వారం గడిచిపోయింది.

"ఇంతకీ ఏం తేల్చావమ్మా?" అన్నారు మామగారు.

"తేలింది నేనే మామగారూ, నీళ్ళ మీద బెండులా" అంది.

ఆయన నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు.

కాగితాలతో కాదని, పది రోజుల నాటి ట్రే లోంచి రెండు డజన్ల సబ్బులు సంచీలో వేసుకుని మిషన్లు చూడటానికి బయల్దేరింది. మొదట వెళ్ళింది పెద్ద మిషను అమ్మేవాళ్ళ దగ్గరికి. నేల అద్దంలా మెరుస్తున్న హాలు. టై కట్టుకున్న ఒకాయన కుర్చీ వేసి, ఒక ఫారం చేతికిచ్చాడు.

"మీ లైన్ స్పీడు ఎంత మేడమ్?"

"లైనంటే... మేం ఇద్దరమే ఉంటామండీ. ఎదురెదురుగా కూర్చుంటాం."

ఆయన ఆ గడి ఖాళీగా వదిలేశాడు. "పోనీ, సబ్బు కొలతలు చెప్పండి."

ఆమె స్టీలు స్కేలు తీసి అక్కడికక్కడే కొలిచింది. పొడవు ఎనభై మూడు మిల్లీమీటర్లు వచ్చింది. ఆయన రాసుకున్నాడు. తర్వాత ఆమె తెచ్చిన సబ్బుల్లో డజను తీసి కదిలే పట్టా మీద పెట్టి మీట నొక్కాడు. కళ్ళు మూసి తెరిచేలోగా అవి ఒకదాని వెనక ఒకటి ఫిల్మ్‌లో దూరి, టన్నెల్ దాటి, పెళ్ళికూతుళ్ళలా తళతళలాడుతూ బయటికొచ్చాయి. నిమిషానికి నలభై. చివరి నుంచి చివరికి పద్దెనిమిది అడుగుల మిషను. ఆమె నోరు తెరుచుకుని చూసింది. ఇదే కొనేయాలనిపించింది.

రెండోచోటు ఒక రేకుల షెడ్డు. అక్కడి మెకానిక్ పాత మిషన్లు బాగుచేస్తూ, చిన్న ఎల్ సీలర్లు తనే కట్టి అమ్ముతాడు. ఆయన ఫారం ఇవ్వలేదు, ఏమీ అడగలేదు. నూనె చేతులు గుడ్డకు తుడుచుకుని, "మీరే చేసి చూడండి" అన్నాడు. రెండుగా మడిచిన ఫిల్మ్ మధ్యలో సబ్బు పెట్టి, కడ్డీ కిందికి దించి, ఒకటి అని లెక్కపెట్టేంతసేపు ఆగి పైకెత్తాలి. మొదటి రెండూ చిరిగాయి. మూడోది బాగా వచ్చింది. దాన్ని చిన్న టన్నెల్‌లోకి తోస్తే బిగుతుగా బయటికొచ్చింది. మిగతావీ అలాగే చుట్టింది. ఇక్కడా ఇదే కొనేయాలనిపించింది. దాంతో ఆమెకు తన మీద తనకే నమ్మకం పోయింది.

ఇంటికొచ్చి పెద్ద మిషను చుట్టిన సబ్బుల మీద 'పె' అనీ, చిన్న మిషను చుట్టిన వాటి మీద 'చి' అనీ మార్కరుతో రాసి బీరువా మీద వరసగా పెట్టింది. దేని కవరు గట్టిగా నిలిస్తే అదే కొందామనుకుంది.

ఎనిమిదో రోజున తీసి చూస్తే 'పె'లూ వదులయ్యాయి, 'చి'లూ వదులయ్యాయి. వేలితో నొక్కితే కవరు లోపల సబ్బు అటూ ఇటూ కదిలింది.

టై ఆయనకు ఫోను చేసింది. "అది ఫిల్మ్ మందం సమస్య అయ్యుండచ్చు మేడమ్" అన్నాడు ఆయన.

"ఫిల్మ్ మీదేగా అండీ!"

"అయితే వేడి సెట్టింగు. ఇంకోసారి రండి, మార్చి చూద్దాం."

మెకానిక్‌కు చేసింది. ఆయన అంతా విని అడిగాడు. "నా దగ్గర్నుంచి వెళ్ళేటప్పుడు బిగుతుగా ఉందా లేదామ్మా?"

"ఉంది."

"మరి తర్వాత ఏమైనా అయితే అది మీ ఇంట్లో అయినట్టేగా?"

కోపం వచ్చింది. సరుకు అమ్ముకునేవాడు మాట్లాడే తీరేనా ఇది? కానీ ఆ మాట మాత్రం చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

ఈలోగా టై ఆయన మనిషి ఫోను చేసి, కొలతలు మరోసారి సరిచూసి పంపమన్నాడు. 'పె' సబ్బు ఒకటి కవరు విప్పి కొలిచింది. ఎనభై ఒకటిన్నర. ఇంకోటి కొలిచింది. ఎనభై ఒకటి. ఆ రోజు తనే తప్పు చూసిందేమోనని అప్పుడే ప్యాకింగుకు వచ్చిన ట్రే లోంచి ఒకటి కొలిచింది. ఎనభై మూడు. స్కేలు తప్పేమోనని భర్త దగ్గరున్న టేపు తెచ్చి కొలిచింది. అవే అంకెలు.

"సబ్బులు చిక్కిపోతున్నాయండీ" అంది భర్తతో, తన మాట తనకే వింతగా తోచి.

"పోవూ మరి! పదిహేను రోజులుగా నువ్వు వాటిని చూస్తున్న చూపుకు ఎవరైనా చిక్కిపోతారు" అన్నాడు వ్యాను తాళాలు వెతుక్కుంటూ.

ఆ మధ్యాహ్నమే ఇంకో సంగతి జరిగింది. నిదానం బీరువా వెనక తుడుస్తుంటే పడిపోయిన సబ్బు ఒకటి దొరికింది. దాన్ని చూసి గబుక్కున కొంగు కింద దాచబోయింది.

"ఏంటి పిన్నీ అది?"

"ఏం లేదమ్మా... నేను ఎప్పుడో చుట్టిందే. అతుకు వంకర పోయింది, మూల కాలింది. నీకు కనిపిస్తే బాగోదని..."

చిన్నకోడలు చేతిలోకి తీసుకుంది. నిజంగానే అతుకు పాములా మెలికలు తిరిగి ఉంది. ఒక మూల గోధుమరంగుకు మాడింది. కానీ కవరు మాత్రం డప్పులా బిగిసి ఉంది. వెనక తేదీ ముద్ర చూస్తే ఎనిమిది నెలల కిందటి సరుకు. వంకరగా, మాడి, చేత్తో చుట్టిన ఈ కవరు ఎనిమిది నెలలుగా బిగుతుగా ఉండటమేమిటి? పద్దెనిమిది అడుగుల మిషను చుట్టింది ఎనిమిది రోజులకే వదులవడమేమిటి?

"నువ్వు అప్పుడు ఏం చేశావు పిన్నీ? ఫిల్మ్ వేరేదా? గన్ను ఎక్కువసేపు పట్టావా?"

"రోజూ చేసేదేనమ్మా. ఇందులో ఏముంది?" అంది నిదానం, తిడతారేమోనన్న భయం ఇంకా పోక.

చేతిలో సబ్బుతోనే చిన్నకోడలు ఆరబెట్టే గదిలోకి వెళ్ళింది. ప్రతి ట్రే మీదా కోసిన తేదీ రాసిన చీటీ ఉంటుంది, పెద్దకోడలి గుండ్రటి అక్షరాలతో. ఆ రోజు ప్యాకింగుకు రావలసిన ట్రే చూసింది. కోసి పన్నెండు రోజులైంది. దాని వెనకది పదకొండు రోజులది. అంతకంటే పాతది అరల్లో ఒక్కటీ లేదు. తను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో అక్క నేర్పిన మొదటి పాఠం గుర్తుంది. అయిదు వారాలు ఆరితే గానీ సబ్బు సబ్బు కాదని.

ఆ ట్రేలోని ఒక బిళ్ళకు గుర్తు పెట్టి, రోజూ ఒకే వేళకు కాటా మీద తూచింది. నూట ఏడు గ్రాములున్నది వారానికి నూట నాలుగుకు దిగింది. స్కేలు మీద కూడా మిల్లీమీటరు తగ్గింది. లోపలి తడి ఆరుతున్నకొద్దీ బిళ్ళ తగ్గిపోతోంది, చుట్టిన కవరు మాత్రం అలాగే ఉండిపోతోంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తను షెడ్డులూ హాళ్ళూ తిరిగింది.

కారణమైతే తెలిసింది కానీ మనసు తేలికపడలేదు. ఇప్పుడీ సంగతి అక్కకు చెప్పాలి. సబ్బు తడిగా ఉందంటే అక్క పనికి వంక పెట్టినట్టే. ప్యాకింగు చేతకాక సబ్బును అంటోందని, ఆడలేక మద్దెల ఓడని, అనుకోదా? అసలు తను అనుకుంటున్నది నిజమేనా? సబ్బులు తయారుచేసే మనిషికి తెలియనిది, కవర్లు చుట్టే మనిషికి తెలుస్తుందా? రెండు రోజులు నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది.

మూడోరోజు పెద్దకోడలే అడిగింది. తీగతో బిళ్ళలు కోస్తూ, తల ఎత్తకుండానే, "ఏమే, రోజూ వచ్చి నా ట్రేల చుట్టూ తిరిగి పోతున్నావు. ఏం పోగొట్టుకున్నావు?" అంది.

"అక్కా, ఒకటడుగుతాను. కోప్పడకు."

"అడక్కముందే కోప్పడొద్దంటున్నావంటే కోప్పడేదే అన్నమాట. అడుగు."

"సబ్బులు పన్నెండు రోజులకే ప్యాకింగుకు ఎందుకు పంపుతున్నావు?"

తీగ ఆగింది. పెద్దకోడలు చేతులు తుడుచుకుని ఆమె వైపు తిరిగింది. "ఎందుకా? ఎక్కడ ఆరబెట్టమంటావు? నాలుగు అరలుండేవి ఇక్కడ. అట్టపెట్టెలు పెట్టుకోవడానికి చోటు లేదని ఆర్నెల్ల కిందట రెండు తీయించింది ఎవరు?"

చిన్నకోడలు గోడవైపు చూసింది. కప్పుదాకా పేర్చిన అట్టపెట్టెలు. తనే. మామగారిని ఒప్పించి, భర్తతో అరలు మోయించి, ఆ మూల శుభ్రం చేయించింది తనే.

"ఆ రోజే చెప్పుండచ్చుగా అక్కా..."

"చెప్పాను. సబ్బు ఆరదే అన్నాను. 'ఫర్వాలేదక్కా, సర్దుకుందాం' అన్నావు. సర్దుకుంటున్నాను."

అన్నదా? అని ఉండవచ్చు. ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. అరలు తీసిన సంగతి గుర్తుంది, అట్టపెట్టెలు వచ్చిన సంగతి గుర్తుంది, మధ్యలో అక్క అన్న మాట మాత్రం ఎక్కడా దొరకలేదు. కవర్లు వదులవుతున్న సంగతి, కొలతలు, తూకాలు, నిదానం చుట్టిన వంకర కవరు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. మొదట ఏది చెప్పాలో, తర్వాత ఏది చెప్పాలో కూడా చూసుకోలేదు.

పెద్దకోడలి ముఖం మారింది. "దుకాణం వాళ్ళు కవర్లు వదులవుతున్నాయని అన్నారా? ఎప్పుడు?"

"నాలుగు నెలలుగా. బావగారు నీకు చెప్పలేదా?"

"నాకెందుకు చెప్తారు? కవరంటే నీదేగా! సబ్బు ఆరితే తగ్గుతుందని నన్నడిగితే నిద్రలో లేపినా చెప్పేదాన్నే." ఆమె అక్కడున్న స్టూలు మీద కూలబడింది. "నేనేమో మెత్తటి సబ్బు తొందరగా కరిగిపోతుందని ఎవరైనా తిట్టుకుంటారేమోనని భయపడుతున్నాను. ఈ కవర్ల గొడవ నాకు తట్టనే లేదే."

తర్వాత పెద్దకోడలు లేచి, గోడ పొడవునా అడుగులు వేసి కొలిచింది. అట్టపెట్టెలు తీస్తే పాత అరలు రెండూ పడతాయి. ఇంకొకటి కూడా పెట్టచ్చు. కానీ ఆ పక్కన పద్దెనిమిది అడుగుల మిషనుకు చోటుండదు.

ఆ సాయంత్రం అందరూ ఉన్నప్పుడు ఆ సంగతి ఎత్తారు. పెద్దకొడుకు ఒప్పుకోలేదు. "ఆర్డరు మూడింతలైంది. పెద్ద మిషనైతే నిమిషానికి నలభై చుడుతుంది. మీరు చిన్నది కొని, పైపెచ్చు అయిదు వారాలు ఆరబెడతామంటున్నారు. ఇదేం లెక్క?"

"మిషను నిమిషానికి నలభై చుడుతుంది, సరే. సబ్బులు నిమిషానికి ఎన్ని ఆరుతాయో అది కూడా మీరే చెప్పండి" అంది పెద్దకోడలు.

అతను తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు వ్యాను తాళాల వైపు చూసుకున్నాడు.

మామగారు చిన్నకోడల్ని అడిగారు. "నువ్వు చెప్పమ్మా. చిన్నదేనా?"

"చిన్నదే సరిపోతుందనుకుంటున్నాను మామగారూ. కచ్చితంగా అంటే... నాకు తెలీదు. రెండూ బాగానే చుట్టాయి. రెండూ వదులయ్యాయి. చిన్నదైతే అరలకు చోటు మిగులుతుంది."

"మరి అట్టపెట్టెలో?"

చివరికి ఆయనే, "నా గదిలో పడెయ్యండి. మంచం పట్టేంత చోటు వదిలితే చాలు" అన్నారు. దుకాణం వాళ్ళకు మొదటి రెండు నెలలూ ఆర్డరులో సగమే ఇవ్వగలమని ఎవరు చెప్పాలన్న ప్రశ్న వచ్చింది. ఫోను పెద్దకోడలు తీసుకుంది. సబ్బు సరిగ్గా ఆరకుండా పంపిన తప్పు తమదేనని, ఆరినది పంపడానికి వ్యవధి కావాలని చెప్పింది. అవతలివాళ్ళు సణిగారు గానీ కాదనలేదు.

ఎల్ సీలరు వచ్చిన వారమంతా కిందా మీదా పడ్డారు. మొదటిరోజు కవర్లన్నీ బూరెల్లా ఉబ్బాయి. లోపలి గాలి పోవడానికి ఫిల్మ్‌కు సన్నటి బెజ్జాలు పొడవాలని, ఆ పని చేసే పళ్ళ చక్రం మిషనుకే ఉందని, దాన్ని కిందికి దించలేదని మెకానిక్ వచ్చి చూపించేదాకా తెలియలేదు. తర్వాత మూలల్లో కొమ్ములు లేచాయి. వేడి పెంచితే చిరిగాయి, తగ్గిస్తే ముడతలు పడ్డాయి. చిన్నకోడలు కడ్డీ దించితే చేయి కంగారుగా పైకి లేచిపోయేది, అతుకు సగంలో ఊడేది. ఆ మిషను ముందు మొదటిరోజు నుంచీ కుదురుగా నిలబడింది నిదానం ఒక్కతే. కడ్డీ దించేది, లోపల లెక్క పెట్టుకునేది, ఎత్తేది. పది రోజులకు ఆ మిషను ఆవిడదైపోయింది. ఎవరైనా చెయ్యి వేయబోతే, "ఉండమ్మా, తొందరపడకు" అనేది.

అయిదు వారాలు ఆరిన మొదటి సరుకు వెళ్ళి నెల దాటింది. దుకాణం నుంచి ఫిర్యాదు రాలేదు. రెండో నెల చివర్లో చిన్నకొడుకు వ్యానులోంచి ఒక చిన్న సంచీ దించాడు. తిప్పి పంపినవి, మొత్తం పదకొండు సబ్బులు. కవర్లు వదులు.

తోడికోడళ్ళిద్దరూ వాటిని బల్ల మీద పోసుకుని కూర్చున్నారు. తేదీలు చూశారు, ఒక్క ట్రేవి కావు. తూచారు, నూరు గ్రాములకు అటూ ఇటూగా సరిగ్గానే ఉన్నాయి. కొలిచారు, తేడా లేదు. అయిదు వారాలూ ఆరినవే. నిదానాన్ని పిలిచి చూపిస్తే, "ఇవి నేను చుట్టినవే, బాగానే చుట్టాను" అంది. ఈసారి దాచుకోలేదు. మామగారు అట్టపెట్టెల మధ్య నుంచి వచ్చి ఒకటి చేతిలోకి తీసుకుని, వెలుతురులో పెట్టి చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టేశారు.

"ఏమై ఉంటుందే?" అంది పెద్దకోడలు.

"నాకేం తెలుసక్కా? ఆ రోజూ తెలీదు, ఇప్పుడూ తెలీదు."

"ఫోను చెయ్యి అతనికి."

మెకానిక్ అంతా విన్నాడు. "ఫిల్మ్ రోలు చివరికొచ్చేసరికి దాని టెన్షన్ మారుతుందమ్మా. అదై ఉంటుంది" అన్నాడు.

"టెన్షన్ అంటే?" అంది చిన్నకోడలు, పుస్తకం తెరిచి కలం పట్టుకుని. ఫిల్మ్‌ను రోలు లాగి పట్టే బిగువని ఆయన చెప్పసాగాడు. సగంలో పెద్దకోడలు ఫోను మీదికి వంగి, "అదే నిజమైతే ఒక్కో రోలుకూ చివర్న అన్నీ వదులవ్వాలిగా అండీ? పదకొండే ఎందుకయ్యాయి?" అని అడిగింది.

చిన్నకోడలు ఆ ప్రశ్న కూడా పుస్తకంలో రాసుకుంది.

"రేపు వచ్చి చూస్తానమ్మా" అన్నాడు మెకానిక్.